పైలట్ ఎందుకు కనిపించడం లేదు? – ఫైబర్‌లో రేడియోపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపుగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఫైబర్‌లో రేడియో పంపడాన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేయడం, దానికి తోడుగా పంపే పైలట్ టోన్. ప్రాజెక్టు సమర్పించే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి అది సహజమే. ముందుగా, వివరంగా రాసిన ఉత్తరం తీసుకుంటాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను కాకినాడలో ఎం.టెక్. రెండో ఏడాది చదువుతున్నాను. నా ప్రాజెక్టు సిమ్యులేటర్‌లో రేడియో ఓవర్ ఫైబర్. 10 గిగాహెర్ట్జ్ క్యారియర్ మీద సెకనుకు 2.5 గిగాబిట్ల క్యూపీఎస్‌కే డేటా ఎక్కించి, దానికి 1 మెగాహెర్ట్జ్ పైలట్ టోన్ కలిపి మాక్-జెండర్ మాడ్యులేటర్‌కి ఇచ్చాను. మాడ్యులేటర్ బయాస్ జరిగిపోతే పైలట్ సాయంతో పట్టుకోవచ్చని మా గైడ్ గారు చెప్పారు. తర్వాత 20 కిలోమీటర్ల ఫైబర్, పిన్ ఫొటోడయోడ్, స్పెక్ట్రమ్ అనలైజర్. 10 గిగాహెర్ట్జ్ దగ్గర డేటా చక్కగా కనిపిస్తోంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం ఏమీ లేదు. ఫిల్టర్ పెట్టి చూస్తే కాస్త వాలుగా ఉన్న గీత వస్తోంది. పైలట్‌ను పది రెట్లు పెంచితే డేటా పాడైంది గానీ పైలట్ రాలేదు. సీక్వెన్స్ లెంగ్త్ 128, బిట్‌కు 64 శాంపిల్స్ పెట్టాను. తప్పు ఎక్కడుంది?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చివర్లో రాసిన రెండు అంకెల్లోనే జవాబుంది. మిగతా సర్క్యూట్ అంతా బాగానే ఉంది.

ఈ పేజీ చదివే మిగతావారి కోసం ముందు రెండు ముక్కలు చెబుతాను. రేడియో సిగ్నల్‌ను అంకెలుగా మార్చకుండా, ఉన్నదున్నట్టు లేజర్ కాంతి మీద ఎక్కించి ఫైబర్‌లో పంపి, అవతలి కొసన ఫొటోడయోడ్‌తో మళ్లీ రేడియోగా మార్చి యాంటెన్నాకు ఇవ్వడమే రేడియో ఓవర్ ఫైబర్. ఖరీదైన పరికరాలన్నీ ఒకచోట ఉంటాయి, టవర్ మీద తక్కువ సామాను సరిపోతుంది. ఆ సిగ్నల్‌తో పాటు మనకు ముందే పూర్తిగా తెలిసిన ఒక చిన్న టోన్‌ను పంపితే అది పైలట్. అవతల అది ఎలా మారి వచ్చిందో చూసి దారిలో ఏం జరిగిందో లెక్కగడతాం. ఇచ్చిన వోల్టేజిని బట్టి లేజర్ కాంతిని పెంచి తగ్గించేది మాక్-జెండర్ మాడ్యులేటర్, అది ఎక్కడ నిలబడి పనిచేయాలో నిర్ణయించే స్థిరమైన వోల్టేజి బయాస్. తరంగం ఫేజ్‌ను నాలుగు స్థానాల్లో ఒకదానికి జరిపి ఒక్కో సింబల్‌లో రెండు బిట్లు పంపే పద్ధతి క్యూపీఎస్‌కే.

ఇప్పుడు నీ అంకెలు చూద్దాం. 2.5 గిగాబిట్ల వేగంతో 128 బిట్లు పంపడానికి పట్టే సమయం 51.2 నానోసెకన్లు. సిమ్యులేటర్ దృష్టిలో ప్రపంచం మొత్తం అంతే. అంతకు ముందు ఏమీ లేదు, తర్వాతా ఏమీ లేదు. 1 మెగాహెర్ట్జ్ టోన్ ఒక్క చుట్టు తిరగడానికే 1000 నానోసెకన్లు కావాలి. అంటే నీ టైమ్ విండోలో పైలట్ ఇరవయ్యో వంతు చుట్టు, సుమారు 18 డిగ్రీలు మాత్రమే తిరిగింది. నువ్వు చూసిన ఆ వాలు గీత సైన్ తరంగంలోని ఆ 18 డిగ్రీల ముక్కే. స్పెక్ట్రమ్‌లో కూడా అంతే. విండో 51.2 నానోసెకన్లయితే స్పెక్ట్రమ్‌లో గీతల మధ్య దూరం దాని విలోమం, 19.53 మెగాహెర్ట్జ్. సున్నా దగ్గర ఒక గీత, తర్వాతిది 19.53 దగ్గర. మధ్యలో 1 మెగాహెర్ట్జ్‌కు చోటే లేదు. పైలట్‌ను పది రెట్లు పెంచినప్పుడు అది డీసీ వోల్టేజిలా మాడ్యులేటర్ మీద పడి బయాస్‌ను పక్కకు నెట్టింది. డేటా పాడైంది అందుకే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది సులువు. నీ పైలట్ పని బయాస్‌ను కనిపెట్టడం. సిమ్యులేటర్‌లోని మాడ్యులేటర్ అప్పటికప్పుడు ఉన్న వోల్టేజికి స్పందిస్తుంది, పాత వోల్టేజి సంగతి దానికి పట్టదు. కాబట్టి బయాస్ పరీక్షకు 1 మెగాహెర్ట్జ్ పెట్టినా, దానికన్నా ఎన్నో రెట్లు పైకి జరిపినా ఫలితం ఒకటే. పైలట్‌ను 78.125 మెగాహెర్ట్జ్‌కు మార్చు. అది 19.53125కు సరిగ్గా నాలుగు రెట్లు, నీ 51.2 నానోసెకన్లలో సరిగ్గా నాలుగు చుట్లు పడుతుంది. రిపోర్టులో మాత్రం ‘పరికరంలో పైలట్ కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, లెక్క తేలికవడానికి పైకి జరిపాను’ అని తప్పకుండా రాయి. రాయకపోతే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

రెండో దారి విండోను పెంచడం. 1 మెగాహెర్ట్జే ఉండాలంటే బిట్ రేటును 2.048 గిగాబిట్లుగా, సీక్వెన్స్ లెంగ్త్‌ను 32,768గా మార్చు. విండో కచ్చితంగా 16 మైక్రోసెకన్లవుతుంది, గీతల మధ్య దూరం 62.5 కిలోహెర్ట్జ్, పైలట్ సరిగ్గా పదహారో గీత మీద కూర్చుంటుంది. 10 గిగాహెర్ట్జ్ క్యారియర్ కూడా గీత మీదే పడుతుంది. మరి 2.5 గిగాబిట్లే ఉంచి లెంగ్త్ మాత్రం పెంచితే? విండో 13.1072 మైక్రోసెకన్లు, అందులో పైలట్ 13 చుట్లూ పైన ఇంకాస్త తిరుగుతుంది. ఆ ‘ఇంకాస్త’ దగ్గరే చిక్కు. సిమ్యులేటర్ ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) మీద నడుస్తుంది, ఎఫ్ఎఫ్‌టీ ఈ ముక్క అంతులేకుండా తిరిగి తిరిగి వస్తుందనుకుంటుంది. ముక్క చివర, మొదలు అతకకపోతే ప్రతి అతుకు దగ్గరా ఒక తెగుదల వస్తుంది. అప్పుడు నిటారుగా నిలబడాల్సిన ఒక్క గీత రెండు పక్కలా పరుచుకుపోతుంది. దాన్ని లేజర్ నాయిస్ అనుకుని దాని మీద పేజీలు రాసిన థీసిస్‌లు నా చేతిలోకి వచ్చాయి. అందుకే వైవాకు వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తెరవకముందే ‘మీ టైమ్ విండో ఎంత?’ అని అడుగుతాను. ఎంత బాగా చదివే పిల్లలైనా అక్కడ ఆగిపోతుంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అది కాగితం మీద ఒక్క భాగహారం.

విండో పెంచాక శాంపిల్స్ ఎక్కువై కంప్యూటర్ మొరాయిస్తోందని బిట్‌కు శాంపిల్స్‌ను అడ్డదిడ్డంగా తగ్గించకు. 64కు బదులు 32 పెట్టు. శాంపిల్ రేటు 65.536 గిగాహెర్ట్జ్ అవుతుంది, మొత్తం పది లక్షలకు పైచిలుకు శాంపిల్స్, మామూలు ల్యాప్‌టాప్ మోస్తుంది. 16కు దించావనుకో, రేటు 32.768కి పడిపోతుంది. మాడ్యులేటర్ సహజంగా పుట్టించే 30 గిగాహెర్ట్జ్ మూడో హార్మోనిక్‌కు (క్యారియర్‌కు మూడు రెట్లుండే టోన్‌కు) అక్కడ చోటు చాలదు, చోటుండేది రేటులో సగం దాకానే. అది మడతపడి 2.768 గిగాహెర్ట్జ్ దగ్గర కొత్త టోన్‌లా తేలుతుంది. అలాంటి గీత కనబడితే శాంపిల్స్ రెట్టింపు చేసి చూడు. గీత చోటు మారితే అది లెక్కలోంచి పుట్టింది, కదలకుండా ఉంటే నిజంగా ఉన్నది.

ఇక పైలట్‌తో చేయాల్సిన అసలు పని. మాడ్యులేటర్ ‘వీపై’ (వెలుగును పూర్తి ప్రకాశం నుంచి పూర్తి చీకటికి తేవడానికి కావాల్సిన వోల్టేజి) 4 వోల్టులనుకుందాం. సరిగ్గా సగం వెలుగు దగ్గర నిలిపే క్వాడ్రేచర్ బయాస్ 2 వోల్టులు. డేటా ఆపేసి, చిన్న పైలట్ ఒక్కటే పెట్టి, బయాస్‌ను 1.6 నుంచి 2.4 వోల్టుల దాకా 0.1 చొప్పున మారుస్తూ పో. ప్రతిసారీ 78.125 దగ్గరి ఎత్తునూ, దాని రెట్టింపు 156.25 దగ్గరి ఎత్తునూ రాసుకో. మొదటిది పెద్దగా మారదు. రెండోది 2 వోల్టుల దగ్గర దాదాపు సున్నాకు పడి, అటూ ఇటూ లేస్తుంది. రెండు వైపులా దాని ఫేజ్ కూడా తిరగబడుతుంది కాబట్టి బయాస్ ఏ వైపు జరిగిందో తెలుస్తుంది. బజారులో దొరికే ఆటోమేటిక్ బయాస్ కంట్రోలర్లలో చాలావాటి ఆయువుపట్టు ఇదే. ఈ ఒక్క గ్రాఫ్ నీ థీసిస్‌లో ఉంటే చాలు. డేటాను ఆ తర్వాతే కలుపు. బయాస్ జరిగినప్పుడు డేటా తనతో తానే కలిసి కింది ఫ్రీక్వెన్సీల్లో చెత్త పోస్తుంది, పైలట్ రెండో హార్మోనిక్ సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇంకొక్క మాట. సిమ్యులేషన్‌లో ఎండ కాయదు. 16 మైక్రోసెకన్ల ప్రపంచంలో పొద్దున ఉండదు, మధ్యాహ్నం ఉండదు. పైలట్‌ను మనం పంపేదే నెమ్మదిగా వచ్చే మార్పుల కోసం. ఫైబర్‌లో కాంతి ప్రయాణ సమయం కిలోమీటరుకు, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి దాదాపు 40 పికోసెకన్లు మారుతుంది. స్తంభాల మీద వేలాడే 20 కిలోమీటర్ల కేబుల్ పది డిగ్రీలు వేడెక్కితే 8 నానోసెకన్లు. 10 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అది 80 పూర్తి చుట్లు! ఈ ఎండను సాఫ్ట్‌వేర్ తనంతట తాను తేదు, నువ్వే తేవాలి. ఒక డిలే బ్లాక్ పెట్టి, దాని విలువలు మారుస్తూ వరుసగా రన్ చెయ్యి. ఒక్కో రన్ రోజులో ఒక్కో వేళ అన్నమాట.

ప్రశ్న: చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది గుంటూరు. 28 గిగాహెర్ట్జ్ డేటాకు పక్కనే 27 గిగాహెర్ట్జ్ పైలట్ పెట్టి ఫైబర్ పొడవు మారుస్తూ చూస్తున్నాను. 1550 నానోమీటర్ల లేజర్, మామూలు సింగిల్ మోడ్ ఫైబర్. 2 కిలోమీటర్ల దాకా బాగుంది. 5 కిలోమీటర్ల దగ్గర పైలట్ పూర్తిగా పోయింది, 10 దగ్గర మళ్లీ వచ్చేసింది. పొడవు పెరిగితే సిగ్నల్ తిరిగి రావడమేమిటి? సాఫ్ట్‌వేర్‌లో బగ్ అనుకోవాలా?

జవాబు: బగ్ కాదండీ. మీ సాఫ్ట్‌వేర్ చాలా నిజాయితీగా పనిచేస్తోంది. ఒక్క పరీక్షలో నమ్మకం కుదురుతుంది. ఫైబర్ బ్లాక్ తెరిచి డిస్పర్షన్‌ను (వేర్వేరు రంగుల కాంతి వేర్వేరు వేగాలతో పోవడాన్ని) సున్నా చేసి, 5 కిలోమీటర్ల దగ్గరే మళ్లీ రన్ చేయండి. పైలట్ నిలబడుతుంది. ఇప్పుడు డిస్పర్షన్‌ను తిరిగి నానోమీటరుకు, కిలోమీటరుకు 17 పికోసెకన్లు పెట్టి, నష్టాన్ని మాత్రం సున్నా చేయండి. పైలట్ మళ్లీ పోతుంది. అంటే దాన్ని మింగింది ఫైబర్‌లోని నష్టం కాదు, డిస్పర్షన్.

జరిగేదిదీ. మామూలుగా మాడ్యులేట్ చేసిన కాంతిలో క్యారియర్‌కు రెండు పక్కలా రెండు సైడ్‌బ్యాండ్లుంటాయి. ఫొటోడయోడ్‌లో ఒక్కో సైడ్‌బ్యాండ్ క్యారియర్‌తో కలిసి ఒక్కో 27 గిగాహెర్ట్జ్ కరెంటును ఇస్తుంది. డిస్పర్షన్ వల్ల రెండు సైడ్‌బ్యాండ్లూ వేర్వేరు ఫేజ్‌లతో చేరతాయి. ఒక పొడవు దగ్గర రెండు కరెంట్లూ ఎదురెదురై సున్నా అవుతాయి, ఇంకా ముందుకు పోతే మళ్లీ జతకూడతాయి. మొదటి సున్నా ఎక్కడో కాగితం మీదే చెప్పొచ్చు: కాంతి వేగాన్ని తీసుకుని, రెండు ఇంటూ తరంగదైర్ఘ్యం వర్గం ఇంటూ డిస్పర్షన్ ఇంటూ ఫ్రీక్వెన్సీ వర్గంతో భాగించాలి. 28 గిగాహెర్ట్జ్‌కు 4.7 కిలోమీటర్లు వస్తుంది, 27కు 5.04. 60 గిగాహెర్ట్జ్‌కైతే ఒక్క కిలోమీటరే.

ఇప్పుడు మీ 5 కిలోమీటర్ల సంగతి చూడండి. మీ పైలట్ దాదాపు సరిగ్గా సున్నా మీద పడింది. మీ డేటా మధ్యభాగం మాత్రం తన సున్నాను దాటి 19 డెసిబెల్స్‌కు పైగా కుంగి ఉంది. పైలట్ పూర్తిగా పోయింది కాబట్టి డేటా కూడా పోయిందంటే తప్పు. ఇంకో పొడవు దగ్గర పైలట్ బాగుంది కాబట్టి డేటా కూడా బాగుందన్నా తప్పే. దారి ఎలా ఉందో మన బస్సులో వచ్చినవాడిని అడగాలి గానీ వేరే దారిన వచ్చినవాడిని అడిగితే ఏం లాభం? పైలట్‌కున్న విలువంతా డేటా పడ్డ పాట్లన్నీ తానూ పడటంలోనే ఉంది. నా చేతికొచ్చే డిజైన్లలో ముందు నేను వెతికేది ఆ ఒక్క గుణం కోసమే. 1 గిగాహెర్ట్జ్ దూరం చిన్నదే అనిపిస్తుంది, కానీ సున్నా దగ్గర అది చిన్న దూరం కాదు.

మందు రెండు రకాలు. ఒకటి, సింగిల్ సైడ్‌బ్యాండ్. రెండు చేతుల మాడ్యులేటర్ తీసుకుని, ఒక చేతికి సిగ్నల్, రెండోదానికి అదే సిగ్నల్ 90 డిగ్రీలు జరిపి ఇచ్చి, బయాస్ క్వాడ్రేచర్‌లో ఉంచండి. ఒక సైడ్‌బ్యాండ్ పోతుంది. ఎదురుపడే రెండో కరెంటే లేదు కాబట్టి పొడవుతో సున్నాలు రావు, నష్టం ఒక్కటే మిగులుతుంది. ఆ నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు కాంతిలో 1 డెసిబెల్ తగ్గితే రేడియో సిగ్నల్‌లో 2 డెసిబెల్స్ తగ్గుతుందని గుర్తుంచుకోండి, ఫొటోడయోడ్ కాంతి శక్తిని కరెంటుగా మారుస్తుంది కదా. రెండో మందు 1310 నానోమీటర్లకు మారడం. అక్కడ మామూలు ఫైబర్ డిస్పర్షన్ సున్నాకు దగ్గర, నష్టం మాత్రం కొంచెం ఎక్కువ.

మన దేశంలో 2022 వేలంలో 5జీ మిల్లీమీటర్ తరంగాలకు ఇచ్చింది 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్. మీకు అభ్యంతరం లేకపోతే థీసిస్‌ను దాని మీదకు మార్చండి. మొదటి సున్నా 5.4 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. మన ఊళ్లలో ఎక్స్ఛేంజికీ టవర్‌కూ మధ్య ఉండే దూరాల లెక్కలోదే అది. చదివేవాళ్లకు ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేస్తున్నాను. రెండు విడి లేజర్లను ఫొటోడయోడ్ మీద కలిపి 28 గిగాహెర్ట్జ్ పుట్టిస్తున్నాను. ఒక లేజర్ మీద 1.25 గిగాబాడ్ (సెకనుకు 125 కోట్ల సింబల్స్) క్యూపీఎస్‌కే ఉంది. కాన్‌స్టెలేషన్‌లో (అందిన సింబల్స్‌ను చుక్కలుగా చూపే పటంలో) నాలుగు చుక్కలకు బదులు గుండ్రంగా వలయం వస్తోంది. 2 గిగాహెర్ట్జ్ దూరంలో పైలట్ కలిపి దాంతో గుణించాను. కొంచెం మెరుగైంది, కానీ చుక్కలు ఇంకా అరటికాయల్లా సాగి ఉన్నాయి.

జవాబు: మీ లేజర్ బ్లాకుల్లో లైన్‌విడ్త్ (లేజర్ ఫ్రీక్వెన్సీ పరుచుకున్న వెడల్పు) ఎంతుందో చూశారా? చాలామంది ఆ గడిని ముట్టుకోరు, సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఇచ్చిన 10 మెగాహెర్ట్జ్ అలాగే ఉండిపోతుంది. రెండు లేజర్లు కలిస్తే 20. మీ ఒక్కో సింబల్ 0.8 నానోసెకన్లు. రెండు పై ఇంటూ 20 మెగాహెర్ట్జ్ ఇంటూ 0.8 నానోసెకన్లు, దానికి వర్గమూలం తీస్తే 0.32 రేడియన్లు. అంటే సింబల్ సింబల్‌కూ ఫేజ్ సగటున 18 డిగ్రీలు అటో ఇటో జరుగుతోంది. క్యూపీఎస్‌కేకు ఉన్న హద్దు 45 డిగ్రీలు. ఆరేడు సింబల్స్ గడిచేసరికి హద్దు దాకా వచ్చేస్తుంది. వలయం రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

పైలట్ ఆలోచన సరైనదే. డేటా ఎక్కిన లేజర్ మీదే పైలట్ కూడా ఎక్కింది కాబట్టి ఫొటోడయోడ్ దగ్గర రెండూ ఒకేలా తిరుగుతాయి, ఒకదానితో ఒకటి గుణించి తేడా తీస్తే ఆ తిరుగుడు కొట్టుకుపోతుంది. మరి మీ చుక్కలు ఎందుకు సాగాయి? నా అనుమానం ఆలస్యం మీద. పైలట్‌ను వేరుచేయడానికి మీరు పెట్టిన సన్నని ఫిల్టర్ దాన్ని కాస్త వెనక్కి నెడుతుంది. డేటా వెడల్పాటి ఫిల్టర్లోంచి ముందే వచ్చేస్తుంది. అప్పుడు ఇప్పటి డేటాను నిన్నటి పైలట్‌తో సరిదిద్దినట్టవుతుంది. ఆ తేడా ఒక్క సింబల్, 0.8 నానోసెకన్లు ఉందనుకోండి, ఇందాకటి 18 డిగ్రీలు అలాగే మిగిలిపోతాయి. డేటా దారిలో డిలే బ్లాక్ పెట్టి సున్నా నుంచి 5 నానోసెకన్ల దాకా 0.1 చొప్పున జరుపుతూ ఈవీఎం (చుక్కలు ఉండాల్సిన చోటు నుంచి ఎంత జరిగాయో చెప్పే కొలత) గీయండి. ఒకచోట లోతైన లోయ కనిపిస్తుంది, అదే మీకు కావాల్సిన ఆలస్యం.

ఆ తర్వాత పైలట్ ఫిల్టర్ వెడల్పును కూడా జరపండి. మరీ సన్ననిదైతే ఫేజ్‌లోని వేగమైన కదలికలు దాటి రావు, మరీ వెడల్పైతే డేటా అంచులూ నాయిసూ లోపలికొస్తాయి. మీ 20 మెగాహెర్ట్జ్ లైన్‌విడ్త్‌కు 100 నుంచి 400 మెగాహెర్ట్జ్ మధ్య వెతకమంటాను. ఆదర్శ ఫిల్టర్ వాడారంటే ఆలస్యం సున్నా కాబట్టి స్క్రీన్ మీద అంతా బాగుండి, ల్యాబ్‌లో బెంచి మీద మాత్రం చెడుతుంది. బెసెల్ లాంటి నిజమైన ఫిల్టర్‌తో చేసిన ఫలితమే రిపోర్టులో పెట్టండి.

ఒకే లేజర్ నుంచి తీసిన రెండు గీతలను 60 గిగాహెర్ట్జ్ దూరంలో పంపేవాళ్లు కూడా ఇదే లెక్క చూసుకోవాలి. 20 కిలోమీటర్లలో డిస్పర్షన్ వాటి మధ్య సుమారు 160 పికోసెకన్ల తేడా తెస్తుంది. 10 మెగాహెర్ట్జ్ లేజర్‌తో దాదాపు 6 డిగ్రీల తప్పు మిగులుతుంది, 1 మెగాహెర్ట్జ్ లేజర్‌తో 2 డిగ్రీల లోపే.

ఇదేదో ప్రయోగశాల ముచ్చట అనుకోకండి. 5జీలో మిల్లీమీటర్ తరంగాల కోసం ప్రత్యేకంగా ఫేజ్ ట్రాకింగ్ రిఫరెన్స్ సిగ్నల్ అని పెట్టారు, రెండు లేదా నాలుగు రిసోర్స్ బ్లాకులకు (ఫ్రీక్వెన్సీ ముక్కలకు) ఒకటి చొప్పున. పాత వైఫై 802.11ఏలో డేటాను పంచుకుని మోసే చిన్న క్యారియర్లు, అంటే సబ్‌క్యారియర్లు, 52 ఉంటే నాలుగు పైలట్లకే పోతాయి.

ప్రశ్న: వరంగల్ నుంచి ఇద్దరం బి.టెక్. స్నేహితులం. పైలట్ ఎంత బలంగా ఉండాలి? ఒక్కో పేపర్లో ఒక్కోలా రాశారు.

జవాబు: ఒక్కోలా రాయడం న్యాయమే, ఎందుకంటే ఒక్కో లింకుకు ఒక్కో జవాబు. మాడ్యులేటర్ భరించే వోల్టేజి ఊపు ఒకటే, అందులో పైలట్‌కు ఇచ్చినంతా డేటా వాటాలోంచే పోతుంది. ఎక్కువిస్తే ఇంకో బాధ కూడా ఉంది. 10 గిగాహెర్ట్జ్ డేటా, 8 గిగాహెర్ట్జ్ పైలట్ కలిసి 12 దగ్గరా 6 దగ్గరా మూడో రకం వక్రీకరణను పుట్టిస్తాయి. తక్కువిస్తే పైలటే నాయిస్‌లో మునిగి, దాంతో సరిదిద్దబోయి డేటాకు కొత్త నాయిస్ అంటిస్తాం.

ఎప్పటినుంచో నడుస్తున్న ఉదాహరణ ఒకటుంది. మీ ఫోన్‌లోనో కారులోనో వినే ఎఫ్ఎం స్టీరియోలో 19 కిలోహెర్ట్జ్ పైలట్ ఎప్పుడూ ఉంటుంది. దానికి మొత్తం డీవియేషన్‌లో (క్యారియర్ ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేరలో) 8 నుంచి 10 శాతమే ఇస్తారు. రిసీవర్ దాన్ని రెట్టింపు చేసి 38 కిలోహెర్ట్జ్ తయారుచేసుకుని ఎడమ, కుడి శబ్దాలను వేరుచేస్తుంది. మీరు డేటా కంటే 20 డెసిబెల్స్ కింద మొదలుపెట్టి రెండేసి చొప్పున పెంచుతూ పోండి. ఈవీఎం మొదట తగ్గి, ఒకచోట ఆగి, మళ్లీ పెరుగుతుంది. ఆగినచోటు మీ జవాబు. సాధారణంగా 10 నుంచి 15 డెసిబెల్స్ కింద వస్తే నేను కంగారుపడను. ఫైబర్ పొడవు మారిస్తే మళ్లీ వెతకాలి.

ప్రశ్న: కర్నూలులో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. ఇదంతా థీసిస్‌లలోనేనా, నిజంగా ఎక్కడైనా వాడతారా?

జవాబు: వాడతారమ్మా, అదీ నీకు నచ్చే చోట. పుణె జిల్లాలో ఖోడద్ దగ్గర జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ ఉంది. 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌లు దాదాపు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. ఒక్కో డిష్ విన్నది ఆప్టికల్ ఫైబర్ మీద మధ్యలోని భవనానికి వస్తుంది. డిష్‌లన్నీ కలిసి ఒక్క కన్నులా చూడాలంటే వాటి సిగ్నళ్ల ఫేజ్ చెదరకూడదు. ఇందాక చెప్పిన ఎండ లెక్క అక్కడ నిత్యం ఎదురయ్యే సమస్య.

చిలీలో అటకామా ఎడారిలో, దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా అనే రేడియో టెలిస్కోప్‌లో ఇంకా సున్నితమైన పని జరుగుతుంది. 66 డిష్‌లు, కొన్నిటి మధ్య దూరం 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండు లేజర్ రంగులను ఒకే ఫైబర్‌లో ప్రతి డిష్‌కూ పంపుతారు, వాటి తేడా ఫ్రీక్వెన్సీ డిష్ దగ్గర రిఫరెన్స్‌గా పుడుతుంది. అందులో ఒక లేజర్ వెలుగును కొంత వెనక్కి తిప్పి పంపి, వెళ్లినదానితో పోల్చి, ఫైబర్ సాగిందో కుంచించుకుందో కనిపెట్టి, ఆ మేరకు పొడవును అప్పటికప్పుడు సరిచేస్తారు. వెళ్లిన దారినే తిరిగొచ్చిన వెలుగు కాబట్టి దాని మాట నమ్మొచ్చు.

ప్రశ్న: మా కాలేజీలో సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోయింది. డబ్బు లేకుండా ఎలా?

జవాబు: పైథాన్ చాలు, నమ్‌పై లైబ్రరీ ఉంటే ఇంకేం అక్కర్లేదు. మాడ్యులేటర్ ఒక కొసైన్. ఫైబర్ అంటే ఎఫ్ఎఫ్‌టీ తీసి, డిస్పర్షన్ ఫేజ్‌తో గుణించి, వెనక్కి తేవడం. ఫొటోడయోడ్ అంటే వర్గం చేయడం. లేజర్ ఫేజ్ నాయిస్ కోసం ప్రతి శాంపిల్‌కూ ఒక చిన్న యాదృచ్ఛిక అడుగు కూడుతూ పోవాలి. కాంతి శక్తి తక్కువగా ఉన్న లింకుకు ఇది సరిపోతుంది. శక్తి బాగా పెంచి ఫైబర్ నాన్‌లీనియారిటీ చూడాలంటే మాత్రం ఫైబర్‌ను చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ ఇదే పని చేసి, అక్కడి కాంతి శక్తిని బట్టి ఫేజ్‌ను కూడా తిప్పాలి. రాసిన ప్రోగ్రాం సరైనదో కాదో తేలాలంటే పైలట్‌ను 28 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టి పొడవు మారుస్తూ పోండి. మొదటి సున్నా 4.7 కిలోమీటర్ల దగ్గర రావాలి. వచ్చిందంటే మీ ఫైబర్ బాగుంది, డేటా కలపడం మొదలుపెట్టండి. రాలేదంటే ముందు డిస్పర్షన్ యూనిట్లు చూసుకోండి. నానోమీటరుకు, కిలోమీటరుకు 17 పికోసెకన్లు అంటే మీటర్లు, సెకన్లలో 17ను పది లక్షలతో భాగించాలి. చాలామందికి ఆ సున్నాల దగ్గరే తేడా వస్తుంది.